నాచుకు వెలుతురు చెప్పే మాట

వెలుతురంటే శక్తి అన్న ఒక్క వాక్యంతో సయానోబ్యాక్టీరియా పాఠాన్ని ముగించడం చాలాకాలంగా అలవాటైపోయింది. మొక్కల్లాగే కిరణజన్య సంయోగక్రియ జరిపి ఆక్సిజన్‌ను విడుదల చేసే ఈ సూక్ష్మజీవులను రైతులు నాచు అంటారు, పాఠ్యపుస్తకాలు నీలి ఆకుపచ్చ శైవలాలు అంటాయి. వాటికి వెలుతురు ఆహార తయారీకి కావలసిన శక్తే కాక, ఏ రంగులో, ఏ ఆకారంలో పెరగాలో తెలిపే సంకేతం కూడా; ఈ రెండో సంగతిని పక్కనబెడితే వరి మడిలో నాచు ఎరువు నడక పూర్తిగా అర్థం కాదు.

ఫ్రెమియెల్లా డిప్లోసైఫాన్ అనే పోగులాంటి జాతిని ఎర్రని వెలుతురులో పెంచితే కణాలు గుండ్రంగా, పోగులు పొట్టిగా, రంగు నీలి ఆకుపచ్చగా ఉంటాయి. ఆకుపచ్చ వెలుతురులోకి మారిస్తే కొద్ది రోజుల్లోనే కణాలు పొడవుగా సాగి, పోగులు పెరిగి, అంతా ఇటుక రంగుకు తిరుగుతుంది. కాంతిని పట్టి పత్రహరితానికి అందించే ప్రోటీన్ల కట్టను ఫైకోబిలిసోమ్ అంటారు. అందులో ఎరుపును పీల్చే ఫైకోసయానిన్, ఆకుపచ్చను పీల్చే ఫైకోఎరిత్రిన్ పాళ్లను జీవి అందిన కాంతికి తగ్గట్టు మార్చుకోవడమే ఈ రంగు మార్పుకు మూలం. జర్మనీలో శాస్త్రవేత్తలు ఎంగెల్‌మన్, గైదుకోవ్‌లు 1902 ప్రాంతంలోనే ఆసిలేటోరియా అనే మరో సయానోబ్యాక్టీరియాలో ఇలాంటి మార్పును గమనించారు. ఫ్రెమియెల్లాలో కాంతి రంగును గుర్తించే ఆర్‌సీఏఈ అనే గ్రాహక ప్రోటీన్ సంగతి 1996లో వెల్లడైంది. ఇదే జీవిలో తల్లి పోగు నుంచి విడివడి కొత్తచోటికి వ్యాపించే పొట్టి పోగులు, అంటే హార్మోగోనియాలు, ఎర్రని వెలుతురులో పుడతాయి, ఆకుపచ్చ వెలుతురులో ఆగిపోతాయి.

మోతాదు మించిన వెలుతురు కూడా కీడే; నీటిని విడగొట్టే యంత్రాంగంలోని డీ1 ప్రోటీన్ చెడిపోయే వేగాన్ని మరమ్మతు అందుకోలేనప్పుడు పెరుగుదల కుంటుపడుతుంది.

వరి మడిలో గాలి నుంచి నత్రజనిని పట్టి పైరుకు పనికొచ్చే రూపంలోకి మార్చడంలో ఈ నాచు పాత్రను శాస్త్రవేత్త పి.కె. డే 1939లో నిరూపించారు. లోతు తక్కువ తొట్లలో ఆరుబయట పెంచి ఎండబెట్టిన నాచును నాట్లు వేసిన వారానికి హెక్టారుకు 10 కిలోల చొప్పున చల్లమని చెప్పడం పరిపాటి. అప్పటికి నీటి మీద ఎండ సూటిగానే పడుతుంది కానీ, పైరు దుబ్బు కట్టి ఆకులు కమ్ముకున్నాక నీటిని చేరే వెలుతురు తగ్గడమే కాదు, ఎరుపునూ నీలాన్నీ ఆకులు మింగేయగా అందులో ఆకుపచ్చ పాలు పెరుగుతుంది. అందుచేత ప్రయోగశాలలో తెల్లని ట్యూబ్‌లైటు కింద బాగా పెరిగిందన్న ఒక్క కారణంతో ఒక జాతిని ఎరువుగా ఎంపిక చేయడం సరికాదు. ఎదిగిన పైరు నీడలో అది ఎన్నాళ్లు నిలుస్తుందో, దాళ్వా ఎండనూ సార్వా మబ్బునూ ఎలా తట్టుకుంటుందో మడిలోనే పరీక్షించి, ఆ వివరాన్ని ప్యాకెట్ మీద తెలుగులో ముద్రించి రైతుకు ఇవ్వాలి.