ఫొటో చూడకుండా చలాన్ కట్టకండి

మా ఇంట్లో కరెంటు బిల్లు వస్తే పాత రీడింగు, కొత్త రీడింగు చూసేది నేను. పాలాయన లెక్కలో అర లీటరు తేడా వస్తే క్యాలెండర్ తీసి చూపించేదీ నేనే. చిట్టీ పుస్తకం, కిరాణా ఖాతా, పిల్లల ఫీజు రసీదులు అన్నీ నా బీరువాలోనే ఉంటాయి. అలాంటి నేను ట్రాఫిక్ చలాన్ మాత్రం ఇన్నేళ్లలో ఒక్కటంటే ఒక్కటి చదవలేదు. "పడిందట" అని మా ఆయన అంటే "కట్టేయండి" అనేదాన్ని. కట్టారో లేదో కూడా అడిగింది లేదు.

2024 జనవరిలో కోదాడ నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, చలాన్ల మీద డిస్కౌంట్ నడుస్తుంది. నీ స్కూటీ మీద, బావ కారు మీద ఎన్ని ఉన్నయో చూసి కట్టేయుండ్రి. చీరల షాపుల గూడ ఇంత తగ్గియ్యరు" అన్నాడు.

మీకూ గుర్తుండే ఉంటుంది. 2023 డిసెంబరు 26న మొదలుపెట్టారు. టూ వీలర్లకు, ఆటోలకు 80 శాతం మాఫీ, కార్లకు 60 శాతం, ఆర్టీసీ బస్సులకైతే 90 శాతం. ఆఖరు తేదీ జనవరి 10 అన్నారు, తర్వాత 31 అన్నారు, ఆ తర్వాత ఫిబ్రవరి 15 అన్నారు. మన ఊళ్లో ఎగ్జిబిషన్ వాళ్లు "చివరి మూడు రోజులు" అని మైకులో నెల రోజులు అరిచినట్టు.

సూర్యాపేటలో మా ఇంటి దగ్గర మీసేవాకి వెళ్తే పెద్ద లైను. నా ముందున్నాయన పదకొండు చలాన్లు కట్టాడు. ఎక్కడ పడ్డాయి, ఎందుకు పడ్డాయి అని ఒక్కటీ అడగలేదు. నా వంతు వచ్చింది. "అక్కా, స్కూటీ మీద మూడు, కారు మీద ఒకటి ఉన్నయి" అన్నాడు కంప్యూటర్ ముందున్న పిల్లవాడు. "దేనికి పడ్డాయి?" అన్నాను. "ఏమోనక్కా, హెల్మెట్ లేకుంటయి. తక్కువే అయితది, కట్టమంటవా?" వెనక లైనులో వాళ్లు గొణుగుతున్నారు. ఎందుకో తెలియదు, వద్దని వచ్చేశాను. లెక్క చూడకుండా డబ్బివ్వడం చేతకాక అయ్యుంటుంది.

ఇంటికొచ్చాక మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ వెబ్‌సైటు తెరిచి బండి నంబరు కొట్టింది. తేదీ, టైము, చోటు, ఏ తప్పు, ఎంత జరిమానా, దాని మీద 35 రూపాయల యూజర్ ఛార్జీ, పక్కనే ఫొటో. ఇంత వివరంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మొదటి ఫొటోలో మా ఆయన. వెనక నుంచి తీశారు. హెల్మెట్ ఉంది, కాకపోతే తల మీద కాదు, మోచేతికి తగిలించుకున్నారు. ఇంట్లోంచి వెళ్లేటప్పుడు "హెల్మెట్ తీసుకున్నారా" అని నేనడగడం, "ఆఁ, తీసుకున్న" అని ఆయన అనడం, రెండూ నిజమేనన్నమాట. 135 రూపాయలు.

రెండోది చూసి నేనూ, మా అమ్మాయీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. హైదరాబాదు. ట్రిపుల్ రైడింగ్. 1,200, యూజర్ ఛార్జీతో 1,235. ఫొటోలో నల్లటి మోటారుసైకిల్ మీద ముగ్గురు కుర్రవాళ్లు. నాది బూడిదరంగు స్కూటీ. అది సూర్యాపేట దాటిందే మహా అయితే దురాజ్‌పల్లి జాతరకి. ఫొటో పెద్దది చేసి చూస్తే నంబరు ప్లేటు మీద చివరి అంకె దగ్గర రంగు లేచిపోయింది. 3 అన్నా అనవచ్చు, 8 అన్నా అనవచ్చు. నాది 8.

మూడో ఫొటో సంగతి తర్వాత చెప్తాను.

కారు మీద ఉన్నది మునగాల దగ్గర హైవే మీద ఓవర్ స్పీడ్. వేగం ఎంతో, టైము ఎంతో అన్నీ పడ్డాయి. తేదీ చూస్తే అర్థమైంది. కోదాడలో మా అమ్మ బాత్‌రూములో జారిపడిందని ఫోన్ వచ్చిన రోజు అది. పక్క సీట్లో కూర్చుని "కొంచెం తొందరగా పోనివ్వండి" అన్నది నేనే. కారణం ఉంది, నిజమే. కానీ కారణం ఉండటం వేరు, చలాన్ తప్పు కావడం వేరు. అది కట్టాల్సిందే, కట్టాం.

గొడవంతా ఆ 1,235 రూపాయల దాని గురించే. మాఫీ పోను మూడొందల లోపే. "పోనీ కట్టేయ్ రాదూ, దీనికోసం ఎవరు తిరుగుతరు" అన్నారు మా ఆయన. నా అభ్యంతరం కూడా సరిగ్గా అక్కడే. పూర్తి 1,235 అయితే ఆయనే కేకలేసేవారు, ఆయనే వెళ్లేవారు. మూడొందలు అయ్యేసరికి చేయని తప్పు ఒప్పుకోవడం సులువైపోయింది. తప్పు చేసినవాళ్లకి మాఫీ ఇస్తే ఇచ్చారు, చేయనివాళ్ల నోరు కూడా అదే మాఫీతో మూతపడుతోంది. 2022 మార్చిలోనూ ఇలాగే టూ వీలర్లకు 75 శాతం తగ్గించారు. అప్పుడూ మేము కట్టాం. ఏం కట్టామో ఇప్పటికీ తెలియదు. ఇక తప్పు చేసిన రోజే బుద్ధిగా మొత్తం కట్టినవాళ్లని చూస్తే జాలేస్తుంది. మళ్లీ డిస్కౌంట్ వస్తుందిలే అని కూర్చున్నవాళ్లే తెలివైనవాళ్లయ్యారు.

చలాన్ అంటే శిక్ష పడిపోయినట్టే అని నేననుకునేదాన్ని. మా వీధిలో ఒక లాయరమ్మ ఉన్నారు, సూర్యాపేట కోర్టులోనే ప్రాక్టీసు. ఆవిడ చెబితే తెలిసింది. 1988 మోటారు వాహనాల చట్టంలో 200వ సెక్షన్ ప్రకారం మనం కట్టేది రాజీ రుసుము. "ఈ తప్పు నువ్వు చేశావంటున్నాం, ఒప్పుకుంటే ఇంత కట్టి ఇక్కడితో ముగించుకో" అని దాని అర్థం. ఒప్పుకోకపోతే తేల్చాల్సింది మేజిస్ట్రేటు. ఫొటో తీసిన కానిస్టేబులూ కాదు, మీసేవా పిల్లవాడూ కాదు. కెమెరాలతో వేసే చలాన్ల మీద కేంద్రం 2021 ఆగస్టులో నిబంధనలు కూడా తెచ్చింది. తప్పూ, నంబరు ప్లేటూ రెండూ స్పష్టంగా కనబడే ఫొటో ఉండాలి. స్పీడు కేసైతే మిషన్ చూపించిన కొలత ఉండాలి. నోటీసు 15 రోజుల్లో రావాలి. ఆ చలాన్ తేలేదాకా రికార్డు దాచిపెట్టాలి. ఊరికే ఒక్కరు చూసి "స్పీడుగా పోయిండు" అంటే చాలదని, యంత్రంతో కొలిచి ఉండాలని 183వ సెక్షన్లోనే ఉందట.

"మరి నోటీసు నాకు రాలేదే?" అన్నాను. లాయరమ్మ నవ్వి "ఆర్‌సీలో ఫోన్ నంబరు ఎవరిది?" అన్నారు.

ఇక్కడ కాసేపు ఆగి మీ ఇంట్లో కూడా చూసుకోండి. బండి నా పేరు మీద కొన్నాం. దండేసి కొబ్బరికాయ కొట్టించింది నేను. కానీ ఆర్‌సీలో ఇచ్చిన ఫోన్ నంబరు ఆయనది. మెసేజీలన్నీ ఆయనకే వచ్చాయి, గుడ్‌మార్నింగ్ ఫొటోల కింద పడి పోయాయి. కేసు నా పేరున, కబురు ఆయనకి! ఆర్టీఏ రికార్డులో నంబరు మార్పించుకోవడం పెద్ద పని కాదు, నేను మార్పించుకున్నాను.

మిర్యాలగూడలో మా ఆడబిడ్డది ఇంకో కథ. పాత స్కూటర్ ఒక రైసుమిల్లు గుమాస్తాకి అమ్మి డబ్బు తీసుకుంది. బండి పేరు మార్పించలేదు. చట్టం ప్రకారం అమ్మినవాళ్లు 14 రోజుల్లో ఆర్టీఏకి తెలియజేయాలి. "తెలిసిన మనిషే కదా వదినా, ఆయనే మార్పించుకుంటడు అనుకున్న" అంటుంది. ఆ తెలిసిన మనిషి రెండేళ్లుగా హెల్మెట్ లేకుండా తిరుగుతున్నాడు, చలాన్లు ఈవిడకి. ఆ ఫొటోల్లో ఉన్నది తను కాదని చెప్పడం సులువే. బండి తనది కాదని చెప్పడానికి మాత్రం చేతిలో ఒక్క కాగితం లేదు.

నా సంగతికి వస్తాను. వెబ్‌సైటులో ఫిర్యాదు పెట్టాం, వారం దాకా జవాబు లేదు. అప్పుడు కూర్చుని అర్జీ రాశాను. నేను చదివిన బి.ఏ. తెలుగు ఇన్నేళ్లకి ఒక ప్రభుత్వ కాగితానికి పనికొచ్చింది. ఎక్కువేం లేదు, ఒక్క పేజీ: చలాన్ నంబరు, తేదీ, ఫొటోలో ఉన్నది మోటారుసైకిల్ అని, నాది స్కూటీ అని. దానికి ఆర్‌సీ జిరాక్సు, చలాన్ ఫొటో ప్రింటు, మా స్కూటీని వెనక నుంచి సరిగ్గా అలాగే తీసిన ఫొటో జతచేశాను. రెండో కాపీ మీద అందిందని సంతకం వేయించుకోమని లాయరమ్మ చెప్పారు. అది మాత్రం మరిచిపోవద్దు.

డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకి ఎక్స్‌ప్రెస్ బస్సు ఫ్రీ అయింది కాబట్టి హైదరాబాదుకి నాకు పైసా ఖర్చు కాలేదు. "బస్సు ఊరికే ఉందని ఊరికే తిరగకు" అన్నారు ఆయన. ఆ స్టేషన్ పేరు రాయను. అక్కడున్న కానిస్టేబుల్ మంచివాడే. కాగితాలు చూసి "మూడొందల కోసం ఇంత దూరం వచ్చినవా అమ్మా?" అన్నాడు.

"బాబూ, ఈ నంబరు ప్లేటు బండి రేపు ఎవరినైనా గుద్ది వెళ్లిపోతే మీరు మా ఇంటికే కదా వస్తారు" అన్నాను. అతను మళ్లీ ఫొటో చూశాడు. ఈసారి కొంచెం సేపు చూశాడు. సంతకం పెట్టి ముద్ర వేసి ఇచ్చాడు.

ఫిబ్రవరి 15 దాటిపోయింది. చలాన్ అలాగే ఉంది, మాఫీ పోయి మళ్లీ 1,235 అయింది. ఇంట్లో నేను విన్న మాటలు రాయడం లేదు. మార్చిలో ఒకరోజు మా అమ్మాయి చూసి "అమ్మా, లేదు!" అని అరిచింది. తీసేశారు. ఉత్తరం లేదు, మెసేజీ లేదు, లైను మాత్రం లేదు. ఆ రోజు సేమ్యా పాయసం చేశాను. లాయరమ్మకీ ఒక గిన్నె పంపాను.

ఇప్పుడు మూడో ఫొటో.

సూర్యాపేటే, మా ఇంటికి రెండు వీధుల అవతల. సాయంత్రం ఆరున్నర. హెల్మెట్ లేదు, 135 రూపాయలు. వెనక నుంచి తీశారు కాబట్టి మొహం కనబడదు. ఎర్ర టీషర్టు. హ్యాండిల్‌కి స్టీలు క్యాను వేలాడుతోంది. దాని మూత మీద సొట్ట నాకు తెలుసు, నా చేతిలోంచి పడితేనే పడింది. పెరుగు తెమ్మని ఆ క్యాను చేతికిచ్చి, తాళం ఇచ్చి పంపింది నేను. బండి మీద ఉన్నది మా చిన్నోడు. పదహారేళ్లు, ఇంటర్ ఫస్టియర్.

పోలీసులు హెల్మెట్ లేదని మాత్రమే రాశారు. మొహం కనబడి ఉంటే ఏం రాసేవాళ్లో లాయరమ్మ చెప్పారు. 2019లో చట్టంలో 199ఏ సెక్షన్ చేర్చారు. మైనరు బండి నడిపి తప్పు చేస్తే దోషి తల్లిదండ్రులు లేదా బండి యజమాని. 25 వేలు జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. పదహారేళ్లకి లైసెన్సు ఇచ్చేది గేర్లు లేని 50 సీసీ లోపు బండికే. మన స్కూటీలు దాదాపు అన్నీ అంతకు మించినవే. నాకు తెలియకుండా జరిగిందని రుజువు చేసుకుంటే తప్పించుకోవచ్చట. తల్లినీ నేనే, యజమానినీ నేనే, పెరుగు తెమ్మన్నదీ నేనే. ఏం రుజువు చేసుకోను?

పాయసం తిన్న రోజు రాత్రి మా చిన్నోడు వంటింట్లోకి వచ్చాడు. "అమ్మా, అందులో నా మొహం లేదు కదా. ఇది గూడ మనది కాదని రాయరాదు? నువ్వు మంచిగ రాస్తవు" అన్నాడు.

వాడికి కోపంతో జవాబు చెప్పలేదు. చెప్పడానికి నాకు నోరు రాలేదు. రెండు నెలలుగా వాడు చూసింది అమ్మ అర్జీ రాయడం, ముద్ర వేయించుకోవడం, గెలవడం. ఏది మనది కాదో చెప్పడానికి అంత తిరిగానే గానీ, ఏది మనదో వాడితో ఒక్క రోజూ మాట్లాడలేదు. మర్నాడు వాడిని వెంటబెట్టుకుని నడిచే మీసేవాకి వెళ్లాను. అప్పటికి డిస్కౌంట్ లేదు. పూర్తి 135. వాడి దసరా డబ్బుల్లోంచి సగం, నా పోపుల డబ్బాలోంచి సగం. ఆ పిల్లవాడు "నెల కింద కడితే తక్కువ అయ్యేది కదక్కా" అన్నాడు.

పెరుగుకి ఇప్పుడు సైకిల్ మీద వెళ్తున్నాడు. స్కూటీ తాళం బియ్యం డబ్బాలో దాస్తున్నాను. ఆ సంగతి వాడికి రెండో రోజే తెలిసిపోయింది, అడగడు, తీయడు. మా ఆయనకే ఇంకా తెలియదు. రోజూ పొద్దున హెల్మెట్ చేతికి తగిలించుకుని ఇల్లంతా వెతుక్కుంటారు. తల మీద పెట్టుకుంటేనే తాళం ఇస్తున్నాను.