ఓటు పోయేది పోలింగు నాడు కాదు

"ఎవరు గెలిచినా మన బతుకు మారేది లేదు, ఓటు వేసి ఏం సాధించాం?" అన్న మాట ఈమధ్య మన ఇళ్లల్లో, మసీదు వరండాల్లో, టీ దుకాణాల వద్ద తరచుగా వినిపిస్తున్నది. చదువుకున్న యువకులే ఈ మాట ఎక్కువగా అంటున్నారు. వారి ఆగ్రహానికి కారణాలు లేవని నేను అనను. ఎన్నికలకు ముందు శుక్రవారం మసీదు గుమ్మం వద్ద చేతులు జోడించి నిలబడిన నాయకుడు, గెలిచిన తరువాత వక్ఫ్ భూమి ఆక్రమణపై వినతిపత్రం ఇవ్వబోతే దర్శనమివ్వకపోవడం మనందరి అనుభవమే. అయితే ఆ ఆగ్రహంతో ఓటు మానుకుంటే నష్టపోయేది ఆ నాయకుడు కాదు. మనం ఓటు వేయకూడదని కోరుకునేవారికి రూపాయి ఖర్చు లేకుండా వారి పని మనమే చేసిపెట్టినట్లవుతుంది.

ఈ ఓటు మనకు ఏ ధర చెల్లిస్తే దక్కిందో గుర్తు చేసుకోవాలి. 1909లో బ్రిటిషు ప్రభుత్వం ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది. కానీ ఓటు మాత్రం ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలున్న కొద్దిమందికే. నేతగానికి, జట్కా తోలేవానికి, బీడీలు చుట్టే తల్లికి అందులో చోటు లేదు. స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగ సభ ప్రత్యేక నియోజకవర్గాలను రద్దు చేసింది. 1949లో మత అల్పసంఖ్యాకుల రిజర్వుడు స్థానాలను కూడా తొలగించింది. ఆ సభలోని ఏకైక ముస్లిం మహిళ బేగం ఐజాజ్ రసూల్ స్వయంగా ఆ స్థానాలు వద్దని వాదించారు. ఆ నిర్ణయం మనకు మేలు చేసిందా అన్న విషయంలో నాకు నేటికీ సందేహాలున్నాయి. ఏదేమైనా, చట్టసభలో మతం పేరిట మనకంటూ కేటాయించిన కుర్చీ లేదు. 326వ అధికరణం ప్రతి వయోజనునికి ఇచ్చిన ఓటే మన చేతిలో మిగిలింది. అన్నీ వదులుకొని నిలుపుకున్న ఆ ఒక్కదానిని అలిగి పారవేయడం వివేకమా?

ఇంతవరకు చెప్పింది ఓటు వద్దనేవారికి. వేయాలని ఉన్నవారికి చెప్పవలసింది ఇంతకన్నా ముఖ్యం. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన కాలంలో అనేక ఎన్నికల విధులు నిర్వహించాను. నేను చూసినంతలో మనవారి ఓటు పోలింగు నాడు పోయింది తక్కువ. అంతకు ఎన్నో నెలల ముందే, ఎవరికీ తెలియకుండా, జాబితాలో పోయింది. ఓటరు కార్డు చేతిలో ఉంటే చాలునన్న భ్రమ మనలో బలంగా ఉంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 62వ సెక్షను ప్రకారం జాబితాలో పేరు లేనివారికి ఓటు లేదు. కార్డు గుర్తింపు కోసం మాత్రమే.

మన పేర్లతోనే చిక్కు మొదలవుతుంది. ఒకే పోలింగు కేంద్రం పరిధిలో నలుగురు షేక్ మస్తాన్‌లు, ముగ్గురు షేక్ ఖాసింబీలు ఉంటారు. కొన్నిసార్లు తండ్రుల పేర్లు కూడా కలుస్తాయి. తీరిక లేని సిబ్బంది దృష్టిలో అది ఒకే మనిషి రెండుసార్లు నమోదైనట్లు. మహబూబ్ సుభానీ ఒకచోట మాబు సుభాని, మరొకచోట మహబూబ్ సుబాని అవుతాడు. పెళ్లికి ముందు పుట్టింట ఒక పేరుతో నమోదైన ఆడపిల్ల అత్తవారింట బేగం చేర్చుకుంటుంది. పాత ఊరిలో పేరు తీసివేస్తారు, కొత్త ఊరిలో ఎవరూ చేర్పించరు. పని కోసం కుటుంబం నాలుగు నెలలు వేరే ఊరికి వెళితే, తాళం చూసిన బూత్ స్థాయి అధికారి 'వలస' అని రాసుకొని పోతాడు.

స్త్రీల విషయం మరీ పాతది. 1951-52 నాటి తొలి సార్వత్రిక ఎన్నికల్లో దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లను జాబితాల నుండి తొలగించవలసి వచ్చింది. వారు తమ పేరు చెప్పక ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని మాత్రమే రాయించుకోవడమే కారణం. వారిలో అన్ని మతాలవారూ ఉన్నారు. డెబ్బై ఏళ్లు దాటినా మన వీధుల్లో అధికారి తలుపు తడితే మగవాడు బయటకు వచ్చి ఇంటిలోని స్త్రీల పేర్లు తనకు తోచినట్లు చెప్పి పంపడం ఆగలేదు.

ఇక నా తప్పు కూడా చెప్పుకోవాలి. ఒక సంవత్సరం సవరణ సమయంలో తొలగింపు కోరే ఫారం 7ల కట్ట ఒకటి నా బల్ల మీదకు వచ్చింది. అన్నీ ఒకే చేతిరాత. అందులోని పేర్లలో చాలా భాగం మనవారివే. నోటీసులు సిద్ధం చేసి పంపాను. అవి అందాయో లేదో విచారించలేదు. పై అధికారి అడగలేదు, నేను చెప్పలేదు. ఆ తరువాతి ఎన్నికలో పోలింగు అధికారిగా కూర్చున్నప్పుడు ఒక వృద్ధురాలు కార్డు చేతపట్టుకొని వచ్చింది. జాబితాలో పేరు లేదు. "బాబూ, నేను బతికే ఉన్నా కదా" అన్నది. ఆమెకు జవాబు చెప్పలేకపోయాను.

ఆనాడు నేను అడగని ప్రశ్న చట్టంలోనే ఉంది. నివాసం లేదనో, అర్హత లేదనో పేరు తొలగించే ముందు ఆ వ్యక్తికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 1950 చట్టం 22వ సెక్షను నిర్దేశిస్తున్నది. అబద్ధపు ప్రకటన ఇచ్చినవారికి 31వ సెక్షను కింద ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. లాల్ బాబు హుస్సేన్ కేసులో 1995లో సుప్రీంకోర్టు, ఒకసారి జాబితాకెక్కిన వ్యక్తిని కేవలం పోలీసుల నివేదిక ఆధారంగా పౌరుడు కాదని తొలగించరాదని స్పష్టం చేసింది. చట్టం మన పక్షాన ఉంది. అడిగే మనిషే లేడు.

ఇది మన ఒక్కరి బాధ కాదు. 2018 తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల పేరే జాబితాలో కనిపించలేదు. 2025లో బీహార్‌లో ప్రత్యేక సవరణ జరిగినప్పుడు ముసాయిదా జాబితాలో దాదాపు 65 లక్షల పేర్లు లేకుండాపోయాయి. చనిపోయారని రాసినవారు సుప్రీంకోర్టులో ప్రాణాలతో హాజరయ్యారు. తొలగించిన పేర్లను కారణాలతో సహా ప్రకటించాలని కోర్టు ఆదేశించిన తరువాతనే ఆ జాబితా జనం ముందుకు వచ్చింది. తరువాత ఆ సవరణ మరికొన్ని రాష్ట్రాలకు విస్తరించింది. మన గుమ్మం దాకా వచ్చిన తరువాత కాగితాలు వెతుక్కుంటామా?

"ఒక్క ఓటుతో ఏమవుతుంది" అనేవారికి అనకాపల్లి గుర్తు చేస్తాను. 1989లో అక్కడి లోక్‌సభ స్థానంలో గెలుపు తేడా 9 ఓట్లు. అభ్యర్థులెవరూ నచ్చకపోతే 2013 నుండి నోటా ఉంది. దానితో ఫలితం మారదు కానీ మీరు వచ్చారని లెక్కలో నమోదవుతుంది. ఇంట్లో కూర్చున్నవాని నిరసన ఏ లెక్కలోనూ చేరదు. ఓటు షహాదత్ వంటిదని, సాక్ష్యం దాచరాదని మన ఉలమాలు చెప్పిన మాట ఇక్కడ తలచుకోదగినది.

మసీదు కమిటీలను నేను నేరుగా అడుగుతున్నాను. జల్సాలకు ఫ్లెక్సీలు కట్టించే మీరు, మీ మహల్లా ఓటరు జాబితాను ఒక్కసారైనా తెరిచి చూశారా? ఎన్నికల సంఘం వెబ్‌సైటులో అది అందరికీ లభిస్తుంది. చదువుకున్న ఇద్దరు యువకులు, ఇద్దరు యువతులు ఉంటే ఒక వారం పని. కొత్త పేర్లకు ఫారం 6, దిద్దుబాట్లకు, చిరునామా మార్పునకు ఫారం 8. పద్దెనిమిదేళ్లు నిండేవారికి ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ అర్హత తేదీలే. గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలకు ఫారం 6ఎ ఉంది, అయితే ఓటు వేయడానికి ఊరికి రావాలి. పోలింగు నాడు మీ ఓటు ఇంకెవరో వేసి ఉంటే తిరిగి వెళ్లిపోకండి, టెండర్డ్ బ్యాలెట్ అడగండి. అది మామూలు లెక్కింపులో చేరదు, కానీ వివాదం కోర్టుకు చేరితే పనికి వస్తుంది.

మా మసీదు వరండాలో ప్రతి నెల మొదటి శుక్రవారం జుమా తరువాత జాబితా పెట్టుకొని కూర్చుంటున్నాను. స్త్రీల కోసం ఒక ఉపాధ్యాయురాలు తన ఇంట్లోనే వేరుగా కూర్చుంటున్నది. మొదటి నెల మగవారే ఎక్కువగా వచ్చారు. గత నెల ఆమె ఇంటి ముందు చెప్పులు పెట్టడానికి చోటు లేదు.