వాగుకు హద్దు గీసే రోజు మనం అక్కడ ఉండాలె

2023 జులై 24 రాత్రి నుంచి 25 పొద్దుగాల దాకా వేల్పూరులో పడ్డ వాన 46.3 సెంటీమీటర్లు. పక్కనే, ఆర్మూర్ మున్సిపాలిటీలో కలిసిన పెర్కిట్‌లో 33 సెంటీమీటర్ల దాకా పడ్డది. మన జిల్లాలో ఏడాది మొత్తం పడే వాన సుమారు 100 సెంటీమీటర్లు. అంటే దాదాపు సగం ఏడాది వాన ఒక్క రాత్రిలో కురిసింది.

ఈ లెక్క గుర్తు పెట్టుకోండి. ఎందుకంటే ఇల్లు ఎక్కడ కట్టాలి, ఎక్కడ కట్టొద్దు అని చెప్పే నియమాలు ఈ వానను చూడకముందు రాసినవి. 2012లో వచ్చిన జీవో 168 ఏమంటది? పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువైతే శిఖం హద్దు నుంచి 30 మీటర్లు వదలాలి. చిన్న కుంటైతే 9 మీటర్లు. వాగు, నాలా 10 మీటర్ల కన్నా వెడల్పుంటే 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు. ఆ వాగు ఏ గుట్ట నుంచి వస్తది, ఎన్ని చెరువుల అలుగు నీళ్లు అందులో కలుస్తాయి, మొన్న ఎక్కడిదాకా పొంగింది? వాటితో ఈ కొలతలకు సంబంధం లేదు. టేపు పట్టుకొని కొలిచే దూరం ఒక్కటే లెక్క.

దీనికి ఇంకో పద్ధతి ఉందని ఢిల్లీకి ఎప్పుడో తెలుసు. వరద మైదానాలకు హద్దులు గీయాలని కేంద్ర జల సంఘం 1975లోనే నమూనా బిల్లు రాసి రాష్ట్రాలకు పంపింది. ఆ ఆలోచన సీదాగానే ఉంటది. తరచూ మునిగే చోట ఇండ్లు వద్దు, ఆట స్థలాలో తోటలో ఉండాలి. పాతికేళ్లకోసారి వచ్చే వరద మట్టానికి పైన ఇండ్లు, ఆఫీసులు కట్టాలి. దవాఖాన, కరెంటు సబ్‌స్టేషన్ లాంటివి వందేళ్ల వరదకు కూడా అందకుండా ఉండాలి. మణిపూర్ 1978లో, రాజస్థాన్ 1990లో, ఉత్తరాఖండ్ 2012లో చట్టాలు చేశాయి. మన దగ్గర ఉమ్మడి రాష్ట్రంలో చేయలేదు, తెలంగాణ వచ్చినంక కూడా చేయలేదు.

కాబట్టి నియమాలు మారాల్సిందే. ఎట్ల మారాలన్నదే అసలు ప్రశ్న.

మనోళ్లలో చాలామందికి భయముంది. "హద్దు గీస్తే ముందు పోయేది మన గుడిసెనే కదా" అంటరు. ఆ భయం ఉత్తది కాదు. గుడిసె వాగొడ్డున ఎందుకుంది? ఆ జాగను ఇంకెవరూ అడగలేదు కాబట్టి. హైదరాబాద్‌లో చెరువుల దగ్గర కూల్చివేతలప్పుడు మనం చూసిందేంది? రిజిస్ట్రేషన్ చేసిన శాఖ, ఇంటి నంబరిచ్చిన ఆఫీసు, మీటరు పెట్టిన సంస్థ బాగానే ఉన్నాయి. రోడ్డు మీద పడ్డది మాత్రం కొనుక్కున్నోళ్లు.

కానీ హద్దే వద్దంటే ఏమైతది? 2023 జులై 27న ములుగు జిల్లా ఏజెన్సీ పల్లె కొండాయి మీదికి జంపన్నవాగు వచ్చింది. ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. హద్దు లేకపోతే వాగే గీస్తది, వాగు ఎవరికీ నోటీసియ్యదు. మునిగినంక సాయమన్నా సమానంగా వస్తదా అంటే, అదీ లేదు. కేంద్రం 2022లో ఖరారు చేసిన విపత్తు సహాయ ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా పోతే 1,20,000 రూపాయలు. గుడిసె పోతే 8,000. వరద ఒక్కటే, నీళ్లు ఒక్కటే. గడ్డి కప్పుకున్నోని నష్టం మాత్రం పదిహేనో వంతు.

ఇంకో సంగతి. నిజామాబాద్ జిల్లా షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. పెసా చట్టం గ్రామసభకిచ్చిన హక్కులు ఇక్కడి గూడేలకు వర్తించవు. పసుపు రైతులకు మార్కెట్ ఉంది, సంఘాలున్నాయి, ఇప్పుడు నిజామాబాద్‌లో పసుపు బోర్డు కూడా ఉంది. జులైలో చేను రెండు రోజులు నీళ్లల్ల నిలిస్తే దుంపకుళ్లు వస్తదని వాళ్లు చెప్తే వినేటోళ్లున్నారు. అది మంచిదే, ఆ నష్టం నిజమైనదే. అదే చేనులో కూలికి పోయే మన ఆడోళ్ల గుడిసె సంగతి చెప్పేటందుకు ఏ బోర్డూ లేదు. మనమే చెప్పాలి.

ఏం అడగాలి?

ఒకటి, మీటర్లు కాదు, వరద మట్టం కొలమానం కావాలి. 2023లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఊరూరా గుర్తించి ఆ పటాన్ని తెలుగులో పంచాయతీ గోడ మీద, వార్డు ఆఫీసులో పెట్టాలి.

రెండు, వేరే జాగ, పట్టా, ఇల్లు చూపకుండా ఒక్క గుడిసె కూడా తీయొద్దు. ఆ జాగ కూలి దొరికే చోటుకు దగ్గరగా ఉండాలి.

మూడు, లెక్క పైనుంచి మొదలు కావాలి. నాలాను పూడ్చి ప్లాట్లు చేసినోళ్ల మీద, దానికి అనుమతిచ్చినోళ్ల మీద చర్య తీసుకున్నంకనే కిందోళ్ల దగ్గరికి రావాలి.

నాలుగు, గుడిసెకూ ఇంటికీ సాయంలో ఉన్న ఈ తేడా పోవాలి.

ఇవి జరిగే పనులేనా అంటే, కామారెడ్డిని చూడండి. 2023 జనవరిలో అక్కడి రైతులు మాస్టర్ ప్లాన్ ముసాయిదాను చదివి, తమ భూములు ఏ రంగులో పడ్డయో చూసుకొని రోడ్డెక్కారు. చివరికి ఆ ముసాయిదాను రద్దు చేస్తూ మున్సిపాలిటీ పాలకవర్గమే తీర్మానం చేసింది. ముసాయిదా మీద అభ్యంతరాలు చెప్పేందుకు గడువుంటది. ఆ గడువులోపల కాగితం ఇచ్చినోని మాటే రికార్డులోకి ఎక్కుతది.

అందుకే మీకో పని చెప్తున్నా. ఈ ఆదివారం మీ గూడెంలో, మీ తండాలో, మీ వాడలో పెద్దమనుషులను అడగండి. 2023లో నీళ్లు ఏ గోడ దాకా, ఏ చెట్టు దాకా వచ్చాయో చూపించమనండి. అక్కడ ఎర్ర రంగుతో గీత గీయండి, తేదీ రాయండి, ఫోటో తీయండి. అప్పటి వీడియోలు ఎవరి ఫోన్లలోనన్న ఉంటే దాచిపెట్టండి. అన్నీ కలిపి ఒక అర్జీ రాసి, జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షులైన కలెక్టర్ గారికి ప్రజావాణిలో ఇచ్చి, రసీదు తీసుకోండి.

రేపు సర్వేయర్ వచ్చినప్పుడు ఆయన చేతిలో పటం ఉంటది. మన చేతిలో కూడా ఒకటి ఉండాలె.