థ్రెడ్లకు కాపలా యంత్రమే కాయాలి

మెదక్ పట్టణానికి ప్యాసింజరు రైలు 2022 సెప్టెంబరులో వచ్చింది, అక్కన్నపేట నుంచి వేసిన కొత్త లైను మీద. ఇలాంటి సింగిల్ లైన్ల మీద రెండు బండ్లు ఎదురెదురుగా రాకుండా మన రైల్వేలు చాలాకాలం గోళాల టోకెన్లు వాడాయి. గోళం చేతికందితే గాని డ్రైవరు బండి కదిలించడు. రెండు స్టేషన్లలోని టోకెన్ యంత్రాల్లోంచి ఒక గోళం బయటికొచ్చాక, అది మళ్లీ యంత్రంలో పడేదాకా అటు స్టేషన్లోనూ ఇటు స్టేషన్లోనూ రెండోది ఊడిరాదు. స్టేషన్ మాస్టరు ఎంత హడావిడిలో ఉన్నా సరే, యంత్రం ఒప్పుకోదు.

సాఫ్ట్‌వేర్‌లో ఇంత పట్టుదల ఇంకా అన్నిచోట్లా రాలేదు.

ఒకే ప్రోగ్రాములో ఏకకాలంలో సాగే పనులను థ్రెడ్లు అంటారు. ఒక ఖాతాలో 5,000 రూపాయలున్నాయనుకుందాం. ఒక థ్రెడ్ 1,000 జమ చేయాలి, ఇంకొకటి 500 తీయాలి. రెండూ ఒకే క్షణంలో 5,000 అని చదువుకుంటాయి. మొదటిది 6,000 అని రాస్తుంది, రెండోది దాని మీదే 4,500 అని రాసేస్తుంది. ఉండాల్సింది 5,500. వెయ్యి రూపాయలు గల్లంతు! పరీక్షల్లో వెయ్యిసార్లు బాగానే నడిచిన ప్రోగ్రాము జనం ఎగబడిన రోజున ఇలా దెబ్బతీస్తుంది. ఒక థ్రెడ్ పని ముగించేదాకా రెండోదాన్ని ఆపేదే తాళం. ‘తాళం వేయకుండా ఈ లెక్క ముట్టుకోవద్దు’ అని కోడ్‌లో ఒక కామెంటు రాసి వదిలేస్తే, ఆరు నెలల తర్వాత చేరిన కుర్రాడు దాన్ని చూస్తాడన్న భరోసా లేదు.

ఈ నిర్లక్ష్యానికి మనుషులు ప్రాణాలే చెల్లించారు. కెనడా సంస్థ ఏఈసీఎల్ తయారుచేసిన థెరాక్-25 అనే రేడియేషన్ యంత్రం 1985–87 మధ్య ఆరుగురు రోగులకు మోతాదుకు మించిన రేడియేషన్ ఇచ్చింది. వారిలో కొందరు చనిపోయారు. 1986లో అమెరికాలోని టైలర్‌లో ఆపరేటరు ఎక్స్-రే అని పొరపాటున నొక్కి, వెంటనే ఎలక్ట్రాన్ అని దిద్దింది. అయస్కాంతాలు సర్దుకోవడానికి పట్టే ఎనిమిది సెకన్లలోపే ఆ దిద్దుబాటు పూర్తయింది. తెర మీద కొత్త మాట కనిపించింది, యంత్రంలో మాత్రం పాత అమరిక మిగిలిపోయింది. అంతకుముందటి థెరాక్-20లో ఇలాంటి తప్పును అడ్డుకునే విడి పరికరాలుండేవి. కొత్తదానిలో వాటిని తీసేసి, భారమంతా సాఫ్ట్‌వేర్ మీద పెట్టారు.

2003 ఆగస్టు 14న ఉత్తర అమెరికాలో కరెంటు పోయి సుమారు 5 కోట్ల మంది చీకట్లో మగ్గారు. ఒహాయో కంట్రోల్ రూములో అలారాలు మోగకుండా చేసింది ఇలా పనులు ఒకదానితో ఒకటి పోటీపడే లోపమే, దీన్నే రేస్ కండిషన్ అంటారు.

యంత్రమే కాపలా కాసే మంచి ఉదాహరణ మన జేబులోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లో తెరను నడిపేది ఒకే ప్రధాన థ్రెడ్. అది ఇంటర్నెట్ కోసం ఆగిపోతే తెర బిగుసుకుపోతుంది. తాకినా అయిదు సెకన్లపాటు ఉలుకూ పలుకూ లేకపోతే, యాప్ స్పందించడం లేదన్న పెట్టె వస్తుంది. ఆ థ్రెడ్‌లో ఇంటర్నెట్ పని పెట్టవద్దని గూగుల్ మొదట్లో సలహాగానే చెప్పింది. 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ హనీకోంబ్ వెర్షన్ నుంచి ఆ పని చేయబోయిన యాప్‌ను సిస్టమే ఆపేస్తోంది. సలహాతో మారని అలవాటు అలా మారింది.

2015లో తొలి స్థిర రూపం వచ్చిన రస్ట్ భాష ఇంకో అడుగు ముందుకేసింది. రెండు థ్రెడ్లు తాళం లేకుండా ఒకే డేటాను మార్చేలా కోడ్ రాస్తే, దాన్ని యంత్ర భాషలోకి మార్చే కంపైలరే తిప్పికొడుతుంది. 2024లో స్విఫ్ట్ 6 కూడా ఆ బాట పట్టింది. రస్ట్ నేర్చుకోవడం కష్టమే. పైగా ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ థ్రెడ్లన్నీ ఆగిపోయే డెడ్‌లాక్‌ను అది ఆపలేదు. పాత భాషల్లో ఉన్న కోడంతా తిరగరాయమనడమూ సాధ్యం కాదు. కానీ సీ++, గో భాషలకు ఇలా తాళం మరిచిన తప్పులు పట్టే ఉచిత పరికరాలు ఏళ్లుగా ఉన్నాయి. ప్రోగ్రామును బాగా నెమ్మదిగా నడిపిస్తాయి గనక వాటిని పరీక్షల దశలో వాడితే చాలు.

మెదక్ రైతు భూమి వివరాలు ఇప్పుడు కంప్యూటర్లోనే ఉన్నాయి: 2020 అక్టోబరు నుంచి ధరణి పోర్టల్‌లో, 2025 ఏప్రిల్ నుంచి భూ భారతిలో. ఇలాంటి సేవలకు సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు ప్రభుత్వం టెండరులోనే ఈ షరతు పెట్టాలి: థ్రెడ్ల నియమాలను కంపైలరో, తనిఖీ పరికరమో అమలు చేయాలి, ఆ నివేదిక చేతికందాకే బిల్లు చెల్లించాలి. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో థ్రెడ్ల పాఠం నిర్వచనాలతో ముగియకూడదు. విద్యార్థి చేత ఆ వెయ్యి రూపాయలు గల్లంతు చేయించి, తప్పు ఎక్కడుందో అతని చేతే పట్టించాలి.