రాయడం ఒక్క తెలుగు పీరియడు పనేనా?

సికింద్రాబాద్‌లో సైనిక వైద్యుడిగా ఉన్న రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ దోమ ఏ జాతిదో ఆయనకు తెలియదు. అందుకే కనిపించింది కనిపించినట్టు రాసిపెట్టాడు: గోధుమ రంగు, రెక్కల మీద మచ్చలు, పడవ ఆకారంలో గుడ్లు. ఆ డిసెంబరులోనే ఆ వివరాలు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయ్యాయి. అది అనాఫిలిస్ దోమ అని తర్వాత తేలింది. పేరు తెలియకపోయినా చూసింది చెప్పగలగడం శాస్త్రంలో సగం పని.

మన పిల్లల సైన్సు నోట్సులో రాతకు కొదవ లేదు. బోర్డు మీంచి దించుకున్నవి, టీచర్ చెబుతుంటే రాసుకున్నవి, గైడులోంచి ఎక్కించినవి పేజీలకు పేజీలుంటాయి. తప్పు చేస్తే ఇంపోజిషన్, అంటే రాయడమే శిక్ష! తనకు తోచింది తన మాటల్లో పెట్టిన వాక్యం మాత్రం వెతికినా దొరకదు. ‘ద్రవం వాయువుగా మారడాన్ని బాష్పీభవనం అంటారు’ అని పొల్లుపోకుండా రాసే అమ్మాయిని, వానాకాలంలో బట్టలు ఎందుకు తొందరగా ఆరవో నాలుగు వాక్యాలు రాయమనండి. కలం ఆగిపోతుంది. గాలిలో తేమ సంగతి ఆమెకు తెలియక కాదు. తెలిసిన ముక్కల్ని వరసలో పెట్టి చూసుకునే అవసరం ఏ క్లాసులోనూ రాలేదు. ఆ నాలుగు వాక్యాలతో కుస్తీ పడితేనే ‘మరి ఫ్యాను కింద ఎందుకు ఆరతాయి?’ అన్న ప్రశ్న పుడుతుంది. లెక్కల్లోనూ ఇంతే. మూడింట రెండు కన్నా నాలుగింట మూడు ఎందుకు పెద్దదో మాటల్లో రాయలేని పిల్లవాడికి భిన్నాలు వచ్చినట్టు కాదు, పద్ధతి వచ్చినట్టు.

ఏ సబ్జెక్టు నేర్వాలన్నా సొంతంగా రాయాలన్నది ఎవరికీ తెలియని విషయం కాదు. భాష నేర్పే బాధ్యత అన్ని సబ్జెక్టుల టీచర్లదీ అని బ్రిటన్‌లో బుల్లక్ కమిటీ 1975లోనే చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర విద్యాప్రణాళిక పరిధి పత్రం 2011లో వచ్చింది. దాని వెంట వచ్చిన పుస్తకాలు లెక్కలకు ‘కారణాలు చెప్పడం’, ‘వ్యక్తపరచడం’, సైన్సుకు ‘ప్రశ్నించడం’ విద్యాప్రమాణాలుగా పెట్టాయి. 2014లో వచ్చిన ఉపాధ్యాయ విద్యా నిబంధనలతో బీఈడీలో అన్ని సబ్జెక్టుల్లో భాష గురించి ప్రత్యేక పేపరే చేరింది. కాగితం మీద లోటేమీ లేదు.

నిర్మాణాత్మక మూల్యాంకనంలో రాతపనులకు, ప్రాజెక్టులకు మార్కులిచ్చారు. సొంతంగా రాయించాలనే ఆ ఏర్పాటు. చాలాచోట్ల అదీ గైడు చూసి ఎక్కించే పనిగా మారింది. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం పదో తరగతిలో ఈ మూల్యాంకనానికి ఉన్న 20 ఇంటర్నల్ మార్కులు తీసేస్తామని ప్రకటించి, వెంటనే దాన్ని మరుసటి ఏడాదికి వాయిదా వేసినప్పుడు జరిగిన వాదనంతా మార్కుల చుట్టూ తిరిగింది. ఆ మార్కుల వెనక ఉండాల్సిన రాత ఏమైందని అడిగినవాళ్లు తక్కువ. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో ఓఎంఆర్ షీటు మీద చుక్కలు దిద్దించే బడుల్లోనైతే ఆ కాస్తా పోయింది.

యాభై నోట్సులు దిద్దేదెప్పుడని టీచర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అయితే అన్నీ దిద్దక్కర్లేదు. పీరియడు చివరి ఐదు నిమిషాల్లో ఐదు వాక్యాలు రాయించి, రోజుకు ఓ ఐదారు పుస్తకాలు చదివితే చాలు. సైన్సు టీచర్ గుణింతం తప్పుల జోలికి పోనవసరం లేదు. చూసింది రాశాడా, కారణం చెప్పాడా అన్నదే చూడాలి.

ఇక భాష. 2022–23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిషు మీడియం తెచ్చారు, ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషుగా పుస్తకాలిచ్చారు. పుస్తకానికి ఉన్న ఆ వెసులుబాటు పిల్లల నోట్సుకు ఎందుకు లేదు? తెలుగు, ఉర్దూ, తమిళం వినిపించే సికింద్రాబాద్ వీధుల పిల్లలు తొలి ముసాయిదా ఏ భాషలో రాసినా, కలిపి రాసినా ఒప్పుకోవాలి. ఇంగ్లిషులో సాపు చేసుకోవడం తర్వాతి మెట్టు.

అంతకన్నా ముందు పరీక్షల విభాగం చేయాల్సింది ఒకటుంది. స్పాట్ వాల్యుయేషన్‌లో ‘కీ’లో ఉన్న మాట లేదని మార్కు కోసినంత కాలం ఏ టీచరూ సొంత వాక్యం రాయమని ధైర్యంగా చెప్పలేరు. ప్రతి సబ్జెక్టులో ఒక్క ప్రశ్నైనా పుస్తకంలో లేనిది ఇచ్చి, ఎలా చెప్పినా కారణం సరిగ్గా ఉంటే పూర్తి మార్కు వేయాలని ఆ ‘కీ’లోనే రాసిపెట్టాలి.