ముందు తట్టి చూడండి

మన టెక్ ఫెస్ట్ మళ్లీ దగ్గరకొచ్చింది. వర్క్‌షాప్ వెనక షెడ్డులో అర్ధరాత్రి దాకా లైట్లు వెలుగుతున్నాయి. పోయినేడాది ఫెస్ట్‌లో మా టీమ్ ఈ-బైక్‌కి ఏమైందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. దాని గురించి నేను ఇంతవరకు బయటపెట్టని విషయం ఒకటుంది. అది చెప్పాలంటే ముందు ఒక పాత బోటు గురించి చెప్పాలి. కాస్త ఓపిక పట్టండి.

మా పెద్దమ్మ కొడుకు అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్‌లో ఉంటాడు. చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే కానీ పుట్టి పెరిగింది కాకినాడ దగ్గర ఉప్పాడలో. పడవ కనబడితే ఆగకుండా పోలేడు. రెండేళ్ల కిందట 4,500 డాలర్లకు ఒక పాత వేక్‌బోర్డ్ బోటు కొన్నాడు. 1990ల చివర్లో తయారైంది. 21 అడుగుల పొడవు, 5.7 లీటర్ల వి8 ఇంజన్. కొత్త వేక్‌బోర్డ్ బోట్ల ధరలు లక్ష డాలర్లు దాటి పోతున్నాయి. అందుకని ఇలాంటి పిచ్చి ఉన్న మామూలు ఉద్యోగస్తులు పాతది కొని, ఇంటి గ్యారేజీలో పెట్టుకుని, శని ఆదివారాలు బాగుచేసుకుంటారు. అక్కడ శనివారం పొద్దున పని మొదలయ్యేసరికి మనకు రాత్రి మెస్ టైం. చపాతీ లైన్లో నిలబడి ఫోన్లో ఆ పని చూడటం నాకు అలవాటైపోయింది. ఆ బోటును నేనింతవరకు ముట్టుకోనే లేదు. అయినా మూడేళ్ల ల్యాబుల్లో నేర్చుకున్నదానికంటే అక్కడే ఎక్కువ నేర్చుకున్నానంటే మా హెచ్‌ఓడీ గారు ఏమీ అనుకోకూడదు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. రెండు కాళ్లూ ఒకే పలకకు బిగించుకుని, బోటు లాగే తాడు పట్టుకుని, బోటు వెనక లేచే అల మీంచి గాల్లోకి ఎగరడం వేక్‌బోర్డింగ్. మామూలు పడవ నీళ్లను ఎంత తక్కువ కదిలిస్తే అంత మంచిది. ఇక్కడ అంతా ఉల్టా. అల పెద్దగా రావాలని బోటులో సంచులు పెట్టి, వాటిలో చెరువు నీళ్లు నింపి బరువు పెంచుతారు. ఇంజన్‌ను బాగా వెనక్కి జరిపి, అటు తిప్పి కూర్చోబెట్టి, గేర్‌బాక్స్ దగ్గర షాఫ్టును 'వి' ఆకారంలో మళ్లించి ప్రొపెల్లర్‌కు ఇస్తారు. దీన్ని వి-డ్రైవ్ అంటారు. తాడును ఎత్తు నుంచి లాగితే ఎగరడం తేలిక కాబట్టి పైన అల్యూమినియం గొట్టాల టవర్ ఉంటుంది. ఫ్లోరిడాలోని కరెక్ట్ క్రాఫ్ట్ కంపెనీ 1997లో సూపర్ ఎయిర్ నాటీక్ అనే బోటును టవర్‌తో తీసుకొచ్చింది. తర్వాత టవర్ లేని పాత బోట్లవాళ్లు కూడా విడిగా కొని బిగించుకోవడం మొదలుపెట్టారు.

అన్నయ్య కొన్న బోటుకు ఈ హంగులన్నీ ఉన్నాయి. టవర్, టవర్ మీద నాలుగు స్పీకర్లు, నీలం ఎల్‌ఈడీలు, నీళ్ల సంచులకు పంపులు. ఫోటోల్లో పెళ్లికారులా ఉంది. మొదటి శనివారం ఇంజన్ స్టార్ట్ చేసి చూపిస్తాడని ఎదురుచూశాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, స్క్రూడ్రైవర్ పిడితో బోటు నేలను అంగుళం అంగుళం తట్టడం మొదలుపెట్టాడు. మా అమ్మమ్మ సంతలో కుండ కొనేముందు వేలికణుపుతో కొట్టి చూసేది, అచ్చం అలాగే.

"విను రా" అన్నాడు. టక్, టక్, టక్. ఇంజన్ పక్కకొచ్చేసరికి ధబ్.

ఆ ధబ్ ఏంటో చెప్తాను. బోటు అడుగున ఉండేది పలచటి ఫైబర్‌గ్లాస్ గుల్ల. అది వంగకుండా లోపల పొడవునా దూలాలు పరుస్తారు, వాటిని స్ట్రింగర్లు అంటారు. ఇంజన్ కూర్చునేది వాటి మీదే. ఆ కాలంలో చాలా బోట్లకు ఈ దూలాలు చెక్కతో చేసి, పైన గ్లాస్ పొర వేసేవాళ్లు. అన్నయ్య ఇంజన్ మౌంటు బోల్టుకు స్పానర్ వేస్తే బిగుసుకోకుండా ఊరికే తిరిగింది. చిన్న బెజ్జం వేస్తే డ్రిల్లు బిట్టుకు చెక్కపొట్టు రాలేదు. వాడేసిన టీ పొడిలాంటి నల్లటి తడిముద్ద వచ్చింది.

"చెక్క దానంతటది కుళ్లదు రా. పైపొర మూసి ఉన్నంతకాలం నీళ్లు లోపలికి పోవు. ఈ పాత ఓనరు పంపు బిగించడానికి రెండు స్క్రూలు, వైరు క్లిప్పుకి ఒకటి, స్పీకర్ల యాంప్లిఫయర్‌కి నాలుగు వేసుకుంటూ పోయాడు. ఒక్కదానికీ సీలు పెట్టలేదు" అన్నాడు.

మేమిద్దరం లెక్కపెట్టాం. ముప్ఫై ఒక్క బెజ్జాలు. అప్‌గ్రేడ్ కోసం చేసిన ఆ బెజ్జాల్లోంచే నీళ్లు దిగి దూలాన్ని తినేశాయి. అంటే ఆ బోటును పాడుచేసింది వయసు ఒక్కటే అనుకోవడానికి లేదు. దాన్ని 'బెటర్' చేస్తున్నాననుకున్న మనిషి చేతుల్లోనే అది సగం పాడైంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఇదే. కింద ఏముందో చూడకుండా పైన పెట్టే ప్రతి హంగూ కింద ఉన్నదాన్ని ఇంకాస్త తినేస్తుంది.

తర్వాతి ఎనిమిది నెలలు గ్లామర్ లేని పని. హాయిస్టుతో ఇంజన్ పైకెత్తి, నేల కోసి తీసేశారు. బోటు మునగకుండా లోపల నింపిన ఫోమ్ నీళ్లు పీల్చి బరువెక్కితే పారతో తవ్వి సంచులకెత్తారు. రెండు దూలాలూ ఒకేసారి తీస్తే గుల్ల మెలికపడిపోతుందని, దారాలు కట్టి కొలతలు రాసుకుని, ఒక వైపు పూర్తయ్యాకే రెండోది ముట్టుకున్నారు. ఫైబర్‌గ్లాస్ గ్రైండ్ చేస్తే వచ్చే దుమ్ము దురదగొండి కంటే ఘోరం, మాస్కు లేకుండా పీలిస్తే ఇంకా ప్రమాదం. ఎపాక్సీ కలిపిన కప్పు ఐదు నిమిషాలు పక్కన పెట్టి మర్చిపోతే అదే వేడెక్కి పొగలు కక్కింది. కెమిస్ట్రీలో ఎక్సోథర్మిక్ అని బట్టీ పట్టాం కదా, ఆ పొగ చూశాక నాకు అర్థం తెలిసింది.

ఇంజన్ తిరిగి కూర్చోబెట్టాక అలైన్‌మెంట్. ఇంజన్ వైపు, షాఫ్టు వైపు కప్లింగ్ ముఖాల మధ్య తేడా 3 థౌ దాటకూడదు. అంటే 0.076 మిల్లీమీటర్లు, ఇంచుమించు ఒక తలవెంట్రుక మందం. ట్రైలర్ మీద ఉన్నప్పుడు గుల్ల ఒకలా వంగుతుంది, నీళ్లలో ఇంకోలా కుదురుకుంటుంది. అందుకని ఫీలర్ గేజ్‌తో చివరి కొలత బోటు నీళ్లలోకి దిగాకే తీశారు.

ఆ తర్వాతే అప్‌గ్రేడ్లు. టవర్‌ను మళ్లీ బిగించారు కానీ కింద వెడల్పాటి బ్యాకింగ్ ప్లేట్లు పెట్టారు. ఎందుకో మన స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు: తాడు లాగేది పైన, మూమెంట్ పడేది కింద. స్క్రూ వేయాల్సిన ప్రతిచోటా ముందు పెద్ద బెజ్జం చేసి, దాన్ని ఎపాక్సీతో నింపి, ఆరాక అందులో చిన్న బెజ్జం వేశారు. అప్పుడు స్క్రూ పక్కన నీళ్లు దిగినా చెక్కను తాకవు. వైరింగ్ మా వదిన చేసింది, ఆవిడ ట్రిపుల్‌ఈ. తగరం పూత ఉన్న రాగి తీగ, ప్రతి లైనుకీ ఫ్యూజు, ప్రతి వైరుకీ చీటీ. నీళ్ల సంచులు రెండు, ఒక్కోటి నిండితే 181 కిలోలు. అవి నింపిన రోజు ఆ లెక్కకు తగ్గట్టు మనుషుల్ని తగ్గించుకోవాలని వదినే బోర్డు రాసి పెట్టింది.

ఒక్కచోట అన్నయ్యకి పిసినారితనం వచ్చింది. కారు స్టార్టర్ మోటరు చవకగా దొరుకుతోంది, బోల్టులు కూడా సరిపోతున్నాయి. వదిన ఒప్పుకోలేదు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. బోటు అడుగున చేరి కూర్చుంటుంది. కారులోలా రోడ్డు మీదికి పోవడానికి దారి ఉండదు. అందుకే బోటు స్టార్టరు, ఆల్టర్నేటర్ నిప్పురవ్వ బయటి ఆవిరిని అంటించకుండా తయారుచేస్తారు, స్టార్ట్ చేసేముందు బ్లోయర్ నాలుగు నిమిషాలు తిప్పమంటారు. "సరిపోవడం వేరు, పనికిరావడం వేరు" అంది వదిన. ఆ మాట నా నోట్‌బుక్ మొదటి పేజీలో ఉంది.

మీలో కొందరు లెక్కలు అడుగుతారని తెలుసు. మొత్తం 12,000 డాలర్లయింది. ఇప్పుడు అమ్మితే అంత రాదు. ఆ గంటలకు జీతం లెక్కేస్తే ఇంకా నష్టం. నిజమే, డబ్బు కోసమైతే ఈ పని చేయకూడదు. పాతదంతా బాగుచేయదగ్గదనీ నేననను. టెక్సస్‌లో 2021 ఫిబ్రవరిలో వచ్చిన మంచు చలిలాంటిదొస్తే, ఇంజన్‌లో మిగిలిపోయిన చెరువు నీళ్లు గడ్డకట్టి, వ్యాకోచించి బ్లాకునే పగలగొడతాయి. ఆయిల్ తీసి చూస్తే పాలు ఎక్కువైన కాఫీలా ఉందా, నమస్కారం పెట్టి వచ్చేయడమే. వదిలేయాలా, బాగుచేయాలా అన్నది కూడా లోపల చూశాకే తెలుస్తుంది. చూడకుండా పైన రంగేయడం మాత్రం రెండిట్లో ఏదీ కాదు.

ఇక నా సంగతి.

మా ఈ-బైక్‌కు హబ్ మోటరు, 48 వోల్టుల బ్యాటరీ, డిస్‌ప్లే, బ్లూటూత్ యాప్, చక్రాలకు లైట్లు ఉన్నాయి. ఫ్రేము మాత్రం పాత ఇనుప దుకాణంలో కొన్నది. ఫెస్ట్ ముందు రాత్రి రెండింటికి, హ్యాండిల్ కింద వెల్డు దగ్గర సన్నటి గీత చూశాను. పగులేనని నాకు తెలుసు. పొద్దున్నే డెమో. ఎవరికీ చెప్పకుండా పుట్టీ రాసి, పైన మెటాలిక్ బ్లాక్ స్ప్రే కొట్టాను. బాగా కుదిరింది, అందరూ ఫినిషింగ్ మెచ్చుకున్నారు. మర్నాడు నా రూమ్మేటు నడుపుతూ బ్రేకు వేసినప్పుడు ఫ్రేము అక్కడే విరిగింది. వాడి మణికట్టు కూడా. రెండు నెలలు కట్టు, ల్యాబ్ పరీక్షలు సప్లీకి పోయాయి. రిపోర్టులో 'మెటీరియల్ ఫెయిల్యూర్' అని రాసింది నేనే.

అన్నయ్య బెజ్జాలు లెక్కపెట్టిన రోజే ఇది ఎవరికైనా చెప్పాలనిపించింది. చెప్పడానికి ఏడాది పట్టింది. ఇది అచ్చుకిచ్చే ముందు, పోయిన ఆదివారం, వాడికి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ రాత్రి లేపి ఉంటే ఇంకో ఫ్రేము వెతికేవాళ్లం కదరా" అన్నాడు. అంతే అన్నాడు. ఇప్పటికీ సరిగ్గా మాట్లాడటం లేదు. ఈ ఏడాది మా టీమ్‌లో ఫ్రేము చూసే పని మాత్రం తనే తీసుకున్నాడు.

అన్నయ్య బోటు ఈ మే నెలలో ట్రావిస్ సరస్సులో దిగింది. గంటసేపు తిరిగి ఒడ్డుకొచ్చాక అందరూ టవర్ దగ్గర ఫోటోలు దిగుతుంటే, ఆయన నేల మూత ఎత్తి చెయ్యి లోపల పెట్టి చూసుకున్నాడు. వేళ్లు కెమెరాకి చూపించాడు. పొడిగా ఉన్నాయి.

జూనియర్లకు ఒక మాట. మన మెటీరియల్స్ ల్యాబులో డై పెనట్రెంట్ కిట్ ఉంది. ఎర్ర ద్రవం రాసి, తుడిచి, తెల్ల డెవలపర్ కొడితే కంటికి కనబడని పగులు కూడా ఎర్రగా బయటపడుతుంది. అరగంట పని. ల్యాబ్ సార్‌ని అడిగాం, ఇస్తామన్నారు. వచ్చే శనివారం సాయంత్రం ఐదింటి నుంచి నేనూ మా రూమ్మేటూ షెడ్డులో ఉంటాం. మీ ఫ్రేములు, చాసిస్‌లు పట్టుకురండి. రంగు వేయకముందే పట్టుకురండి.