జరిమానా సరే, మసిని కొలిచేదెప్పుడు?

డిసెంబరు మూడో వారంలో ఏ రాత్రయినా గుడివాడ నుంచి గుడ్లవల్లేరు, పెడన మీదుగా బందరు వస్తే చాలు, ఏ ఊళ్లో కోతలయ్యాయో ముక్కే చెప్పేస్తుంది. రోడ్డుకు రెండు పక్కలా చేలల్లో ఎర్రటి గీతలు. తెల్లారేసరికి పొగ, మంచు కలిసి ఊరి మీద దుప్పటిలా పరుచుకుని ఉంటాయి. దండెం మీద ఆరేసిన బట్టల మీద నల్లటి మసి రేణువులు. దులిపితే పోవు, మరకవుతాయి. దివిసీమలో చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ వైపూ ఇదే తంతు. అగ్గిపుల్ల గీసేది మేమే. ఆ మాట ముందే ఒప్పుకుని మొదలుపెడుతున్నాం.

ఎందుకు గీస్తున్నామో కూడా చెప్పాలి. వెనకటికి కోతకు రెండు మూడు రోజుల ముందే వరి చేలో మినుములు చల్లేవాళ్లం. కొడవలితో కోసి, పనలు ఆరి, కట్టలు కట్టి కుప్ప వేసేసరికి మినుము మొలక పైకొచ్చేది. గడ్డి వామికి, వామి గొడ్డుకి. ఇప్పుడు కూలీలు దొరక్క కోత మిషను దించుతున్నాం. దాని చక్రాల కింద మొలక నలిగిపోతుంది. మిషను వెనక వరుసలుగా పడ్డ గడ్డి కిందిది పైకి రాదు. పశువులు లేని ఇళ్లకు ఆ గడ్డి అక్కర్లేదు. వారం ఆగితే నేలలో తేమ ఆరిపోయి మినుము మొలవదు. కౌలురైతుకు మినుమే మిగులు. వరి మీద వచ్చింది కౌలుకూ అప్పుకూ పోతుంది. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న భూయజమానికి పొగ తగలదు, అగ్గిపుల్ల గీసిన పేరూ రాదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు పడిపోయిన చేలను చూసిన వాళ్లకు తెలుసు, నల్లబడి కుళ్లిన ఆ గడ్డిని గొడ్డు కూడా ముట్టదు. దాన్నేం చేసుకోమంటారు?

అలాగని కాల్చడం మంచిదని మేం అనడం లేదు. టన్ను వరిగడ్డి తగలేస్తే సుమారు అయిదున్నర కిలోల నత్రజని, పాతిక కిలోల పొటాషియం నష్టమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పే లెక్క. యూరియా కోసం లైన్లో నిలబడి, ఇంటికొచ్చి మన ఎరువును మనమే తగలబెడుతున్నాం. అది జేబుకు తగిలే నష్టం. ఊపిరికి తగిలేది వేరే ఉంది.

మసిలో ఏముందన్నది పాత ప్రశ్నే. 1775లో లండన్‌లో పెర్సివల్ పాట్ అనే శస్త్రవైద్యుడు పొగగొట్టాలు శుభ్రం చేసే కుర్రాళ్లకు పెద్దయ్యాక ఒక రకం క్యాన్సరు వస్తోందని, దానికి కారణం మసేనని చెప్పాడు. మసిలాంటి పదార్థమే అయిన తారు నుంచి ఆ విషాన్ని విడదీసి పేరు పెట్టడానికి 1933 దాకా పట్టింది. దాని పేరు బెంజోపైరీన్. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషులకు క్యాన్సరు తెచ్చే వాటి మొదటి వరుసలో పెట్టింది. దీని కుటుంబం పెద్దది. పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు అంటారు, పొట్టిగా పీఏహెచ్‌లు. బీరువాలో బట్టల మధ్య వేసుకునే కలరా ఉండ కూడా ఈ కుటుంబంలో చిన్నదే. గాలి సరిగా ఆడక ఏది కాలినా ఇవి పుడతాయి. ఎండిన గడ్డి భగ్గున మండితే తక్కువ. మంచుకు తడిసిన గడ్డి రాజుకోక కమ్మరగా పొగలు కక్కితే ఎక్కువ. మనం కాల్చేది డిసెంబరు మంచులోనే కదా.

గాలిలో ధూళిని కొలిచే యంత్రాలు ఉన్నాయి, పీఎం 2.5 ఇంత అని అంకె చూపిస్తాయి. అయితే అది బరువు లెక్క. బందరు గాలిలో సముద్రపు ఉప్పు ఉంటుంది, రోడ్డు దుమ్ము ఉంటుంది, మసీ ఉంటుంది. తూకానికి అన్నీ ఒకటే. ఊపిరితిత్తులకు ఒకటి కాదు. మసికి ఏం అంటుకుని ఉందో తేల్చాలంటే వడపోత కాగితం గుండా గంటల తరబడి గాలి లాగాలి. ఆ కాగితాన్ని ద్రావకంలో నానబెట్టి, గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రంలో ఒక్కో పదార్థాన్నీ విడదీసి లెక్కించాలి. తేలికపాటివి ఆవిరి రూపంలో కాగితం దాటిపోతాయి కాబట్టి వాటిని పట్టడానికి వెనక నురుగుదిమ్మ పెడతారు. పనీ ఖర్చూ ఎక్కువే కానీ తెలియని విద్య కాదు.

చట్టంలో లేనిదీ కాదు. 2009 నవంబరులో కేంద్రం ప్రకటించిన గాలి ప్రమాణాల్లో పన్నెండు కాలుష్యాలుంటే బెంజోపైరీన్ ఒకటి. ఘనపు మీటరు గాలిలో ఏడాది సగటున ఒక నానోగ్రాము మించకూడదు. అంటే గ్రాములో నూరు కోట్లవ వంతు. ఇక్కడే మాకో అభ్యంతరం. మన పొగ నాలుగు వారాల పొగ. దాన్ని యాభై రెండు వారాలకు పంచితే అంకె చల్లగా కనిపిస్తుంది. దగ్గుతో రాత్రంతా కూర్చున్న ముసలమ్మకు ఏడాది సగటు ఏం ఓదార్పు? పైగా 2019లో మొదలైన జాతీయ శుభ్ర వాయు కార్యక్రమం జాబితాలో విజయవాడ, గుంటూరు, ఏలూరు ఉన్నాయి. బందరు లేదు, గుడివాడ లేదు. దివిసీమ ఊసే లేదు.

కొలత లేదు గానీ శిక్ష మాత్రం సిద్ధంగా ఉంది. ఢిల్లీ చుట్టుపక్కల రాష్ట్రాల్లో కొయ్యకాళ్లు కాల్చే రైతుకు 2024 నవంబరులో జరిమానా రెట్టింపు చేశారు. రెండెకరాల లోపు రైతుకు అయిదు వేలు, అయిదెకరాలు దాటితే ముప్పయి వేలు. ఆ బెత్తం ఇక్కడికి రావడానికి ఎన్నాళ్లో పట్టదు. 2018లో గడ్డి యంత్రాలకు కేంద్రం పెట్టిన ప్రత్యేక పథకం మాత్రం పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్, ఢిల్లీలకే. బెత్తానికి ఉన్న కాళ్లు సబ్సిడీకి ఉండవు కాబోలు.

పోయిన శీతాకాలం మా సంఘం వాళ్లం ఒక కార్యాలయానికి వెళ్లి ఈ పొగలో ఏముందో పరీక్షించారా అని అడిగితే, అక్కడి ఉద్యోగి "పొగలో పొగే ఉంటుంది, మీరు కాల్చడం మానేయండి" అన్నాడు. మరి రైసుమిల్లుల పొట్టు బాయిలర్లు? ఇటుక బట్టీలు? డీజిలు లారీలు? ఊరవతల చెత్తకుప్పలో కాలే ప్లాస్టిక్? మన పొగ ఒక నెల. ఇవి నెలల తరబడి. కాగితం మీది మసిని పరీక్షిస్తే ఎవరి వాటా ఎంతో చాలా వరకు అంచనా వేయవచ్చు. గడ్డి, కట్టె కాలినప్పుడు లెవోగ్లూకోసాన్ అనే చక్కెర పుడుతుంది, డీజిలు పొగలో అది ఉండదు. గడ్డి పొగకూ పొట్టు పొగకూ తేడా అంత సులువుగా తేలదు. అందుకు గాలి వాలు, మిల్లులో రోజుకు కాలే పొట్టు కూడా లెక్కలోకి తీసుకోవాలి. తేలాక మన వాటాయే పెద్దదని వస్తే రానివ్వండి. తలదించుకుని ఒప్పుకుంటాం.

కాలుష్య నియంత్రణ మండలి ఈ డిసెంబరు, జనవరి నెలల్లో బందరు, గుడివాడ, అవనిగడ్డల్లో పీఏహెచ్‌లు కొలవాలి. ఏడాది సగటుతో పాటు ఏ వారానిది ఆ వారం తెలుగులో పంచాయతీ బోర్డు మీద రాయాలి. నమూనాలు తీసే పనిలో కృష్ణా విశ్వవిద్యాలయం రసాయనశాస్త్రం పిల్లల్ని కలుపుకోవచ్చు. గడ్డి కట్టలు కట్టే యంత్రాలు కోతల ముందే, కౌలురైతుకు కూడా అద్దెకు అందాలి. కోత మిషను తిరిగిన చేలో గడ్డి కాల్చకుండా మినుము ఎలా మొలిపించాలో ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లు మా చేలల్లోనే చేసి చూపించాలి. కాగితం మీద చెబితే మాకు ఎక్కదు.

యంత్రం పెట్టడానికి చోటు లేదని ఎవరూ అనక్కర్లేదు. పంచాయతీ డాబా ఉంది. కరెంటు బిల్లు సంఘం కడుతుంది. రాత్రిపూట కాపలా కూడా మేమే ఉంటాం.